తడబాటు నాలుకది, తప్పు మెడది

హోసూరులో నేను పనిచేసిన శాఖకు ప్రతినెలా పింఛను కోసం ఒక తెలుగు మాస్టారు వచ్చేవారు. కంచుకంఠం. ఒకసారి వచ్చినప్పుడు మాట ముద్దగా ఉంది. ‘డబ్బు జమ పడిందా’ అని అడగడానికే అవస్థ పడ్డారు. మా కౌంటరు కుర్రవాడు నా చెవిలో, ‘పొద్దున్నే మందు పుచ్చుకొచ్చినట్టున్నారు సార్’ అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ అలాగే అనుకున్నాను.

మరుసటి నెల ఆయనకు తోడుగా కుమార్తె వచ్చింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. డాక్టరు నాలుక బయటపెట్టమంటే అది కుడివైపుకు తిరిగిపోయిందట. ఆ వైపు సగం సన్నబడి ముడతలు కూడా పడిందట.

మెదడు నుంచి బయలుదేరే 12 జతల నరాల్లో చివరి జత నాలుకను కదిలిస్తుంది. మెడలోని మొదటి వెన్నుపూస పుర్రెతో కలిసే చోట ఒక కీలు ఉంది. దానికి కొద్దిగా పైన, పుర్రె అడుగున ఉన్న సన్నని రంధ్రం గుండా ఈ నరం బయటికి వస్తుంది. మాస్టారికి ఎన్నో ఏళ్లుగా వేళ్లు వంకరపోయే కీళ్లవాతం. అది చేతులతో ఆగక మెడ పైకీళ్లకూ పాకింది. అక్కడి వాపు కుడివైపు నరాన్ని నొక్కింది. నరం ఏ వైపు దెబ్బతింటే బయటపెట్టిన నాలుక ఆ వైపే తిరుగుతుంది. పెదవులతో పలికే ప, బ, మ బాగానే వస్తాయి. నాలుక మడవవలసిన ట, డ, ణ, ళ దగ్గరే చిక్కు. తెలుగు చెప్పి బతికిన మనిషికి ఇంతకంటే కష్టమేముంది?

ఇది అరుదైన జబ్బే. పక్షవాతం, మెడలోని రక్తనాళం చీలడం, కణితి వంటివి కూడా ఇదే లక్షణానికి కారణం కావచ్చు. అందుకే డాక్టరు చెప్పిన స్కానులు తీయించడం అవసరం. మాట హఠాత్తుగా ముద్దయినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.

మరొక్క మాట. కీళ్లవాతం ఉన్నవారు మెడ పట్టేసిందని సెలూనులో మెడ విరిపించుకోరాదు. వదులైన పైకీలు జారితే వెన్నుపామే నలిగిపోతుంది.

మాస్టారికి మందులు మార్చారు, మెడకు కాలరు పెట్టారు. నేను బదిలీ అయ్యేనాటికి మాట కొంత తేరుకుంది, ళకారం మాత్రం తడబడుతూనే ఉంది. ఆయన రాగానే మా కుర్రవాడు కుర్చీ వేసి, మాట పూర్తయ్యేదాకా ఓపికగా నిలబడేవాడు. మన ఇళ్లలో పెద్దల మాట తడబడితే వయసనో, తాగుడనో అనుకోకండి. ఒకసారి నాలుక బయటపెట్టమనండి.