ఏ సిమ్యులేటర్ ఇన్‌స్టాల్ చేయాలి? సూరత్ పిల్లలకు కావలసింది ఖరీదైన ఎడిషన్ కాదు

సూరత్ ఆకాశం ఖాళీగా ఉండదు. జనవరిలో ఉత్తరాయణ్ వస్తే గాలిపటాలు, మిగతా రోజుల్లో మగ్దల్లా విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలు. 2022 జనవరిలో ఇక్కడి నుంచి అహ్మదాబాద్, భావ్‌నగర్, రాజ్‌కోట్, అమ్రేలీలకు 9 సీట్ల సెస్నా కారవాన్ విమానాలు మొదలయ్యాయి. 2023 డిసెంబర్ 17న కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ విమానాలను రోజూ తలెత్తి చూస్తూనే పెరుగుతున్నారు. వారిలో కొందరికైనా ‘ఇది ఎలా ఎగురుతుంది?’ అన్న సందేహం వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఆ సందేహం ఫ్లైట్ సిమ్యులేటర్ దాకా తీసుకెళ్తుంది.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకే సిమ్యులేటర్‌కు స్టాండర్డ్, డీలక్స్, ప్రీమియం డీలక్స్, ఏవియేటర్ అని నాలుగు ఎడిషన్లు. పక్కనే ఉచితంగా దొరికేది ఇంకొకటి. ధర ఎక్కువైతే విజ్ఞానం కూడా ఎక్కువ ఉంటుందని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. చీర కొనేటప్పుడు ఆ లెక్క కొంతవరకు పనికొస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు. నేర్చుకోవడమే లక్ష్యమైతే సూరత్ విద్యార్థి ముందుగా ఇన్‌స్టాల్ చేయాల్సింది ఉచితమైన, లోపలి భాగాలు తెరిచి చూడగల ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్. ఇది డబ్బు లేనివారికి రాజీమార్గం అని చెప్పడం కాదు. సైన్స్ నేర్చుకోవడానికి అదే మెరుగైన సాధనం.

అదనపు డబ్బుకు వచ్చేదేమిటి?

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో మూడు ఎడిషన్లు వచ్చాయి. స్టాండర్డ్‌లో 20 విమానాలు, ప్రత్యేక శ్రద్ధతో తీర్చిదిద్దిన 30 విమానాశ్రయాలు. డీలక్స్‌లో 25, 35. ప్రీమియం డీలక్స్‌లో 30, 40. విడుదలప్పుడు అమెరికాలో స్టాండర్డ్ ధర సుమారు 60 డాలర్లు, ప్రీమియం డీలక్స్ ధర 120 డాలర్లు. రెట్టింపు డబ్బుకు వచ్చేవి 10 విమానాలు, 10 విమానాశ్రయాలు. ఆ అదనపు విమానాశ్రయాలు ఆమ్‌స్టర్‌డామ్, కైరో, దుబాయ్, లండన్ హీత్రో వంటివి. అప్పటి 40 విమానాశ్రయాల జాబితాలో భారతదేశానికి చెందినది ఒక్కటీ లేదు. సూరత్, హైదరాబాద్ అన్ని ఎడిషన్లలోనూ ఒకే తీరుగా, కంప్యూటర్ తనంతట తాను గీసుకున్న బొమ్మలుగానే కనిపించాయి.

2024 నవంబర్ 19న వచ్చిన తర్వాతి సిమ్యులేటర్‌లో విమానాల సంఖ్య స్టాండర్డ్‌లో 70, ఏవియేటర్‌లో 125. ధర 70 డాలర్ల నుంచి 200 డాలర్ల వరకు పోయింది. అయితే అన్ని ఎడిషన్లలోనూ గాలి ఒక్కటే. రెక్క మీద ఒత్తిడిని లెక్కగట్టే గణితం ఏవియేటర్ కొన్నవారికి ఒకలా, స్టాండర్డ్ కొన్నవారికి ఇంకోలా పనిచేయదు. సూరత్ మీదుగా ఎగిరే సెస్నా కారవాన్ కూడా 2020 నాటి స్టాండర్డ్ ఎడిషన్‌లోనే ఉంది. కాబట్టి ఈ సిమ్యులేటరే కావాలనుకునే విద్యార్థికి కూడా అన్నిటికన్నా చౌక ఎడిషన్ సరిపోతుంది.

కంప్యూటర్, నెట్ ఏం చెబుతున్నాయి?

పెట్టె మీది ధర మొదటి ఖర్చు మాత్రమే. 2020 సిమ్యులేటర్‌కు 150 జీబీ డిస్క్ స్థలం కావాలి. 2024ది కంప్యూటర్‌లో 50 జీబీయే అడుగుతుంది, ఎందుకంటే నేల, భవనాలు, విమానాల సమాచారంలో ఎక్కువ భాగాన్ని ఎగురుతున్నప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. దానికి కనీసం 16 జీబీ ర్యామ్, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, సెకనుకు 10 మెగాబిట్ల నెట్ ఉండాలి. కంపెనీ సిఫార్సు చేసేది 32 జీబీ ర్యామ్, 50 మెగాబిట్ల నెట్.

ఈ అంకెల్ని ఇంటి లెక్కలోకి మార్చి చూడాలి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో ఆగకుండా డేటా వస్తే గంటకు 4.5 జీబీ అవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ దాదాపు 27 నిమిషాల్లో అయిపోతుంది. నిజంగా ఎగిరేటప్పుడు డేటా అంత నిలకడగా రాకపోవచ్చు, కానీ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటికి ఇది సరిపడే వ్యవహారం కాదని తెలుస్తూనే ఉంది. పైగా విడుదల రోజున రద్దీకి కంపెనీ సర్వర్లే తట్టుకోలేకపోయాయి. డబ్బు కట్టినవారు కూడా గంటల తరబడి వేచి ఉండాల్సి వచ్చింది.

ఉచిత సిమ్యులేటర్ ఫ్లైట్‌గేర్ సంగతి వేరు. 1990ల చివర్లో స్వచ్ఛంద కార్యకర్తలు మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటి మీదా నడుస్తుంది. ఒకసారి దించుకుని, కావలసిన ప్రాంతపు సీనరీని కూడా ముందే తెచ్చుకుంటే నెట్ లేకుండానే ఎగరవచ్చు. పెన్‌డ్రైవ్‌లో పక్కింటికీ పంచుకోవచ్చు. లైసెన్సు దానికి అనుమతిస్తుంది.

ఇందులోనూ ఏ విడుదల ఎంచుకోవాలన్నది ఉంది. 2020.3 అనేది చాలాకాలం సవరణలు అందుకున్న స్థిరమైన శ్రేణి. తర్వాత 2024.1 వచ్చింది. ఇవి కాక రోజువారీ మార్పులతో తయారయ్యే పరీక్ష రూపాలూ ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారు స్థిరమైన విడుదలనే తీసుకోవాలి. పాత కంప్యూటర్ అయితే 2020.3 చాలు. పరీక్ష రూపాలు లోపాలు వెతికి సరిచేసేవారి కోసం.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఫ్లైట్‌గేర్‌నే వేరే పేర్లతో, ఆకర్షణీయమైన ప్రకటనలతో డబ్బుకు అమ్మే వెబ్‌సైట్లు ఉన్నాయి. లైసెన్సు ప్రకారం అమ్మడం తప్పు కాదు. కానీ ఉచితంగా దొరికేదానికే డబ్బు కడుతున్నామని కొనేవారికి తెలియకపోవడం నష్టం. ఈ విషయంలో ఫ్లైట్‌గేర్ ప్రాజెక్టే కొనుగోలుదారులను హెచ్చరించింది. దించుకునేది అసలు ప్రాజెక్టు సైటు నుంచేనని చూసుకోవాలి.

లోపలి గాలి

సిమ్యులేటర్ అంటే కిటికీలోంచి కనిపించే దృశ్యం కాదు. సెకనుకు ఎన్నోసార్లు కొన్ని సమీకరణాలను పరిష్కరిస్తూ పోయే యంత్రం. విమానం బరువు, రెక్క వైశాల్యం, వేగం, గాలి సాంద్రత, రెక్క గాలికి ఎదురయ్యే కోణం తెలిస్తే ఎత్తే బలం ఎంతో, ఆపే బలం ఎంతో లెక్కించవచ్చు. ఈ లెక్కకు రకరకాల దారులున్నాయి. ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద బలాన్ని కట్టి కూడుతుంది. ఫ్లైట్‌గేర్‌లో వాడే జేఎస్‌బీసిమ్ ముందే కొలిచిన గుణకాల పట్టికలతో లెక్క కడుతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వేర్వేరు సిమ్యులేషన్ సాధనాల ఫలితాలను పోల్చి చూసిన పరీక్షల్లో జేఎస్‌బీసిమ్ కూడా ఉంది. ఇది పిల్లల బొమ్మ కాదు.

విద్యార్థికి అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇక్కడుంది. జేఎస్‌బీసిమ్‌లో విమానం వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంటాయి. రెక్క వైశాల్యం ఎక్కడుందో వెతికి, ఆ అంకెను పది శాతం తగ్గించి, ఫైల్ సేవ్ చేసి, మళ్లీ ఎగిరి చూడవచ్చు. విమానం నేల విడవడానికి ఇంకా ఎక్కువ వేగం అడుగుతుంది. ఎందుకన్నది అప్పుడు పుస్తకంలోని సమీకరణంలో వెతుక్కోవాలనిపిస్తుంది. మూసిపెట్టిన వాణిజ్య ఎడిషన్ అందమైన విమానాన్ని చేతికిస్తుంది గానీ, దాని ప్రధాన లెక్కల యంత్రం మూత తీసి చదవనివ్వదు. మగ్గం ఆగిపోతే మూత విప్పి చూసే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు.

సిమ్యులేటర్ పుట్టుక కూడా ఇలాంటి కార్ఖానాలోనే. 1920ల చివర్లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ తన తండ్రి ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో దొరికే గాలితిత్తులు, పంపులు, కవాటాలతో, నేల మీదే ఉండి ఊగే విమానపు నమూనా తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది పైలట్లు ఆ లింక్ ట్రైనర్ మీదే శిక్షణ పొందారు.

సూరత్ రన్‌వే మీద ఒక ప్రయోగం

సూరత్ విమానాశ్రయం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. రన్‌వే పొడవు 2,905 మీటర్లు. సిమ్యులేటర్‌లో సెస్నా 172ను అక్కడ నిలబెట్టి, వాతావరణాన్ని ముందు 15 డిగ్రీల సెల్సియస్‌కు, తర్వాత మే నెల మధ్యాహ్నపు 40 డిగ్రీలకు మార్చి రెండుసార్లు పైకి లేపాలి. నేల విడిచేదాకా ఎంత దూరం పరుగెత్తిందో కొలవాలి.

15 డిగ్రీల వద్ద సముద్రమట్టంలో ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోలు. 40 డిగ్రీల్లో అది సుమారు 1.127 కిలోలకు, అంటే 8 శాతం తగ్గుతుంది. పల్చబడిన గాలిలో అదే ఎత్తే బలం రావాలంటే విమానం దాదాపు 4 శాతం ఎక్కువ వేగంతో వెళ్లాలి. ఇంజిన్‌కు అందే గాలీ తగ్గుతుంది కాబట్టి శక్తి కూడా పడిపోతుంది. రెండూ కలిసి పరుగు పొడవును పెంచుతాయి. విచిత్రం ఏమిటంటే కాక్‌పిట్‌లోని వేగసూచిక రెండుసార్లూ నేల విడిచే క్షణాన దాదాపు ఒకే అంకె చూపుతుంది. అది కొలిచేది గాలి తాకిడి వల్ల వచ్చే ఒత్తిడినే గానీ నేల మీది వేగాన్ని కాదు. ఈ ఒక్క ప్రయోగంలో వాయు నియమం, సాంద్రత, బలాల సమతుల్యత, కొలత పరికరం పరిమితి అన్నీ ఉన్నాయి. దీనికి ప్రీమియం డీలక్స్ అక్కరలేదు.

తెర మీద కనిపించే సూరత్ నిజమైన సూరత్ కాదన్న ఎరుక కూడా ఉండాలి. పాత సీనరీలో విస్తరణకు ముందున్న 2,250 మీటర్ల రన్‌వే కనిపించవచ్చు. 2020లో మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో మెల్‌బోర్న్ శివార్లలో 212 అంతస్తుల సన్నటి గోపురం ఒకటి మొలిచింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరో 2 బదులు 212 అని కొట్టిన పొరపాటే దానికి కారణం. ఆ తప్పును మ్యాప్‌లో అప్పటికే సరిచేశారు, సిమ్యులేటర్‌కు మాత్రం పాత ప్రతి చేరింది. ఏ నమూనా అయినా దానికిచ్చిన సమాచారం ఎంత మంచిదో అంతే మంచిది. ఇది వాతావరణ అంచనాలకూ వర్తించే పాఠం. తమ వీధి, తమ బడి మ్యాప్‌లో సరిగ్గా ఉన్నాయో లేవో చూసి దిద్దే అవకాశం ఓపెన్ మ్యాప్‌లు పిల్లలకు ఇస్తున్నాయి.

పైలట్ కల, పైలట్ లెక్క

ఖరీదైన ఎడిషన్ కొంటే పైలట్ కావడానికి దారి దగ్గరవుతుందన్న ఆశ కొన్ని ఇళ్లలో ఉంది. ఈ విషయం సూటిగా చెప్పాలి. భారత నిబంధనల ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల విమానయానం అవసరం. అందులో 10 గంటలు పరికరాల ఆధారంగా నడపాలి. ఆ పదింటిలో 5 గంటలకు మించకుండా మాత్రమే ఆమోదం పొందిన సిమ్యులేటర్‌లో చేయవచ్చు. ఇంటి కంప్యూటర్ మీద వెయ్యి గంటలు ఎగిరినా లాగ్‌బుక్‌లో సున్నాయే. ఏవియేటర్ ఎడిషన్‌కూ ఉచిత ఫ్లైట్‌గేర్‌కూ ఇందులో తేడా లేదు. మలుపులో ఒంటి మీద పడే భారం, లోపలి చెవి చేసే మోసం కుర్చీలో కూర్చుంటే తెలియవు. వేగసూచిక, ఎత్తుసూచిక చదవడం, వరుసక్రమంలో పనులు చేయడం మాత్రం అలవాటవుతాయి. అది తక్కువేమీ కాదు.

అటువైపు వాదన

వాణిజ్య సిమ్యులేటర్ల దృశ్యాలు కళ్లు చెదిరేలా ఉంటాయి. తాపీ నది మలుపు, మేఘాల మీద సాయంత్రపు వెలుగు చూసి ఒక పిల్లవాడు విమానశాస్త్రం వైపు తిరిగితే ఆ డబ్బు వృథా అనలేం. ఫ్లైట్‌గేర్ బొమ్మలు వాటి ముందు పాతబడినట్టుంటాయి. మొదటి రోజు సెట్టింగులతో తంటాలు తప్పవు. సహాయ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది. తెలుగు మాధ్యమం విద్యార్థికి ఇది చిన్న అడ్డంకి కాదు. స్తోమత ఉన్న ఇల్లు రెండూ పెట్టుకోవచ్చు.

అయితే ఈ అడ్డంకులు మనుషులు తొలగించగలిగినవి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. నగరానికి సొంత సైన్స్ సెంటర్ ఉంది, సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ ఉంది. ఒక్కో బడిలో రెండు మూడు కంప్యూటర్లలో ఒకే స్థిరమైన విడుదలను, సూరత్ చుట్టుపక్కల సీనరీతో సహా ఎక్కించి, పైన చెప్పినలాంటి పది ప్రయోగాలను తెలుగు, గుజరాతీ, హిందీల్లో రాసి పెడితే చాలు. అందరి దగ్గరా ఒకే విడుదల ఉంటే ఒకరి కొలతను ఇంకొకరు సరిచూడగలరు. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు. కావలసింది ఆ పది పేజీలు రాసే ఉపాధ్యాయులు, ఇంజినీరింగ్ విద్యార్థులు.

అంతవరకు ఇంట్లో కొనే ముందు పెద్దలు పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు? మన కంప్యూటర్, మన నెట్ దానికి సరిపోతాయా? లోపలి అంకెలు మార్చి చూడటానికి వీలుందా? మూడింటికీ జవాబు దొరికాక కూడా ఖరీదైన ఎడిషనే కావాలనిపిస్తే అప్పుడు కొనవచ్చు.