ఊదారంగు సముద్రానికి మార్కులు లేవా?



పిల్లల చిత్రలేఖనం పోటీకి నిబంధనల కాగితం తయారైంది. అందులో నాలుగోది: రంగులు సహజంగా ఉండాలట. పోయిన ఏడు ఊదారంగు సముద్రం వేసిన పాపకు మార్కులు కోశారు. ఈ ఏడు దాన్నే చట్టం చేయబోతున్నారు. అందుకే మేము కొందరం వాన్ గో వేసిన పడవల బొమ్మ గ్రూపులో పెట్టి, దీనికెన్ని మార్కులు వేస్తారని అడిగాం. వచ్చిన జవాబు, “చెవి కోసుకున్న పిచ్చివాడు గదండీ, పిల్లలకు ఆయనా ఆదర్శం?”

అయ్యా, ముందు తేదీ చూడండి. ఆఫీసులో ఫైలు విప్పితే మేం మొదట చూసేది అదే. బొమ్మ 1888 జూన్‌ది. చెవి సంగతి ఆ ఏడు డిసెంబరులో. వెనక వచ్చిన జబ్బును ముందు వేసిన బొమ్మకు అంటగట్టడం ఏం న్యాయం?

ఆయన పని చేసిన తీరైనా చూడండి. ఫ్రాన్సు దక్షిణ తీరంలో సాంత్ మారి అనే బెస్తల ఊరు. అక్కడ కొద్ది రోజులే ఉన్నాడు. పడవలు పొద్దున్నే వేటకు పోతాయి, ఇసుక మీద కూర్చుని నూనెరంగులు వేసేంత వ్యవధి ఉండదు. ఊరు విడిచే రోజు తెల్లవారి పడవలను గీసుకుని, ఆర్ల్‌కు తిరిగొచ్చి రంగుల్లో వేశాడు. ఇది ఒళ్ళు తెలియని మనిషి చేసే పనా?

బొమ్మలో ఒడ్డున నాలుగు పడవలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అంచుకు గట్టి గీత, లోపల చదునుగా రంగు. జపాన్ అచ్చుబొమ్మలు చూసి నేర్చిన పద్ధతి అది. ఒక పడవ మీద ఫ్రెంచిలో ‘స్నేహం’ అని పేరు. ఎరుపు పక్కన పచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి ఎత్తి చూపిస్తాయి. కాంచీపురం పట్టుకు అంచు ఎంచే మన ఆడవాళ్ళకు ఈ మాట ఒకరు చెప్పాలా? (ఒకాయన ఖరీదెంత అని అడిగారు. అమ్మకానికి లేదండీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియంలో ఉంది.)

ఇక సహజమైన రంగు సంగతి. అక్కడి సముద్రం చూసి ఆయన తమ్ముడికి ఉత్తరం రాశాడు. మాకెరెల్ చేప ఒంటిలాగా నీళ్ళు రంగు మారుస్తున్నాయి, పచ్చో ఊదో నీలమో తేల్చలేం, మరుక్షణం గులాబీ అవుతాయి అని దాని భావం. ఆ చేప మన కానాంకెళుత్తికి చుట్టమే. కాశిమేడులో తెల్లవారి కొత్తగా దిగిన చేపను ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పండి. వీపు మీద ఏ రంగు కనబడిందో, ఆ ఒక్క రంగు పేరు ఆదివారం కమిటీలో చెప్పండి. చెప్పలేకపోతే నాలుగో నిబంధన కొట్టేసి మినిట్స్‌లో రాయించండి.