ఆ తల్లిని దోషిని చేసింది మనమే

అమ్మమ్మ చెప్పిన కథని ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పే పిల్లాడు, అదే కథ పుస్తకంలో చదవమంటే ‘ప’కీ ‘వ’కీ తేడా దొరక్క రెండో వరుసలోనే ఆగిపోతాడు. నోటిలెక్క టక్కున చెప్పి, నోట్సులో మాత్రం 15ని 51 అని వేస్తాడు. ఇలాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. గుర్తించనిది మనమే.

మనమేమంటున్నాం? ‘మొద్దు’ అంటాం. ‘తల్లి ఉద్యోగానికి పోతే ఇంతే’ అంటాం. ‘ఏ జన్మ పాపమో’ అని నిట్టూరుస్తాం. పెళ్లిలో పిల్లాడు కనిపిస్తే పేరుకన్నా ముందు ర్యాంకు అడుగుతాం. అందుకే ఆ తల్లి పెళ్లిళ్లకు రావడం మానేస్తుంది. అక్క సంబంధాలు చెడతాయని తండ్రి పరీక్ష చేయించడమే వాయిదా వేస్తాడు. పోయేది పిల్లాడి కాలం, కారణం మన నోరు.

సముద్రం దాటినా ఈ భయం వదలదు. ఇలాంటి పిల్లలకు విడిగా చదువు ప్రణాళిక వేయాలనీ, ఆ సమావేశంలో తల్లిదండ్రులకు భాష రాకపోతే దుభాషిని పెట్టాలనీ అమెరికా చట్టం చెబుతుంది. అంత ఆసరా ఉన్నచోట కూడా, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి దాచిపెట్టే తెలుగువాళ్లున్నారు. బడికి చెప్పగలిగింది అయినవాళ్లకు చెప్పలేకపోతున్నారంటే, సిగ్గుపడాల్సింది ఎవరు?

మన దగ్గరా అన్ని ఇళ్లూ ఒక్కలా ఉండవు. ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే ఇంటి పిల్లకు తెలుగు పాఠం అర్థం కాకపోతే అది వైకల్యం కాదు. అలాగని నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లను ‘భాష రాదులే, అదే వస్తుంది’ అని వదిలేయడమూ అన్యాయమే. ఇంటి భాషలో మాట్లాడించి, ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడిగితేనే నిజం తెలుస్తుంది.

బుద్ధి వికాసం ఆలస్యమైన పిల్లల ఇళ్లది ఇంకా బరువైన కష్టం. వాళ్ల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది. కానీ దూరపు ఊరి నుంచి అక్కడికి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, ఇంట్లో చంటిదాన్ని చూసే మనిషి కావాలి. ఆ మనిషి పక్కింట్లోనే ఉంటుంది. ఆ ఒక్క పూట చంటిదాన్ని చూసుకోవడం మన వల్ల కాదా?

మాస్టారూ, బెత్తం పక్కన పెట్టి, పిల్లాడు ఎక్కడ తడబడుతున్నాడో రాసుకోండి. పరీక్షలో అదనపు సమయం ఇస్తారనీ, రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చనీ తల్లిదండ్రులకు మీరే చెప్పండి. పెద్దలారా, దాన్ని దొడ్డిదారి అని వెక్కిరించకండి, అది వాడి హక్కు. గుడిలో, మసీదులో, చర్చిలో నలుగురికి చెప్పగలిగినవాళ్లు, ఇది ఎవరి పాపమూ కాదని ఒక్కసారి గట్టిగా చెప్పండి. ఇక మిగిలినవాళ్లం, ఈసారి ఏ పిల్లాడు కనిపించినా మార్కులు అడగడం మానేద్దాం. దానికి చట్టమూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.