రెండు రోజుల విహారం... ఎవరికి విశ్రాంతి?

ఇక్కడ బుధవారం పొద్దున్న. అక్కడ ఇంకా మంగళవారం రాత్రి. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉండే మా అక్క కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, ఈ శనాదివారాలు హీల్డ్స్‌బర్గ్ వెళ్తున్నాం. నువ్వొచ్చినప్పుడు ఒకరోజు వెళ్లాం, గుర్తుందా? ద్రాక్షతోటల ఊరు. ఈసారి రెండు కుటుంబాలం. మా అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారు."

అక్కణ్నుంచి పది నిమిషాలు ఆ పిల్ల చేసిన పనుల చిట్టా విన్నాను. గదులు తనే వెతికింది. వారం చివర్లో రెండు రాత్రులకు తక్కువ ఇవ్వమన్నారట, మళ్లీ వెతికింది. వైన్ రుచి చూపించే చోట్ల ముందుగా టైము తీసుకుంది. చిన్నపిల్లల్ని రానిచ్చే చోటేదో, రానివ్వని చోటేదో కనుక్కుంది. మామగారి బీపీ మాత్రలు, అత్తగారికి ఉల్లి లేని వంట, పిల్లాడి స్వెట్టరు, శుక్రవారం దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం.

అంతా విని "అవునే, మరి నీకేం చూడాలనుంది అక్కడ?" అన్నాను.

అవతల నుంచి మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. కాసేపటికి, "నాకా? నేనింకా అనుకోలేదు పిన్నీ" అంది.

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. ఎనిమిది మంది ఇష్టాలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన పిల్లకి తన ఇష్టమేంటో తెలీదు. ఇది ఆ ఒక్క పిల్ల సంగతి కాదు. తిరుపతి వెళ్లినా, అరకు వెళ్లినా, అమెరికాలో వైన్ ఊరికి వెళ్లినా మనలో చాలామంది సంగతి ఇంతే. విహారయాత్ర అంటే ఇంట్లో అందరికీ సెలవు. ఇల్లాలికి మాత్రం వంటిల్లు ఊరు మారుతుంది, అంతే!

ఊరు చిన్నదే, లెక్కలే పెద్దవి

హీల్డ్స్‌బర్గ్ నిజంగానే చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 11 వేల పైచిలుకు మనుషులు, అంటే మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ అంత. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా సుమారు 70 మైళ్లు. ఊరి మధ్యలో చెట్లూ బెంచీలూ ఉన్న చదరపు పార్కు, దాని చుట్టూ దుకాణాలు. పక్కనే రష్యన్ రివర్ అనే నది. ఊరి చుట్టూ మూడు ద్రాక్ష లోయలు. డ్రై క్రీక్ లోయ జిన్‌ఫాండెల్ ద్రాక్షకి, అలెగ్జాండర్ లోయ కాబర్నే ద్రాక్షకి, రష్యన్ రివర్ లోయ పినో నువా, షార్డొనే రకాలకి పేరుపడ్డాయి. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే పొగమంచు రాత్రుళ్లు ఆ నది లోయలోకి పాకి ద్రాక్షని చల్లగా ఉంచుతుంది. అందుకే చలవ కోరే పినో అక్కడ బాగా పండుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసిన కళ్లకి ఆ ద్రాక్ష గుత్తులు బక్కచిక్కినట్టుంటాయి. పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలు. తినడానికి కాదు, పిండడానికి పెంచేది మరి!

ఇంత చిన్న ఊరికి రెండు రోజులు వెళ్లడానికి ఎన్ని లెక్కలో చూడండి. శుక్రవారం ఆఫీసులు వదిలే వేళకి బయల్దేరితే 101 రహదారి మీద కార్లు పాకుతాయి. వేసవి మధ్యాహ్నాలు మండుతాయి, తెల్లవారుజామున చలేస్తుంది. అందుకని రెండు రకాల బట్టలు. ఆగస్టు ఆఖరు నుంచి అక్టోబరు దాకా ద్రాక్ష కోతలు. చూడ్డానికి అదే మంచి కాలం, గదులు దొరకనిదీ అప్పుడే. అడవులు అంటుకునేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. 2019 అక్టోబరులో కిన్‌కేడ్ మంటలొచ్చినప్పుడు ఊరు మొత్తం ఖాళీ చేయించారు. కాబట్టి డబ్బు వాపసిచ్చే గది చూసుకోవాలి. వైన్ రుచి చూడ్డానికి చాలాచోట్ల ముందే చెప్పి రావాలి, తలకి కొన్ని పదుల డాలర్లు కట్టాలి.

ఇవన్నీ ఎవరు ఆలోచిస్తున్నారు? రాత్రి పిల్లలు పడుకున్నాక, గిన్నెలు కడుక్కున్నాక ఫోన్ పట్టుకుని కూచుని ఇవన్నీ చూసేది ఎవరు? ఆ పనికి గంటలు లెక్కపెట్టేవాళ్లు లేరు. పనంటే చేతుల్తో చేసేదే అనుకుంటాం. తలలో చేసే పని పనిగా కనబడదు. అంతా సవ్యంగా జరిగితే "ట్రిప్పు బాగా జరిగింది" అంటారు. గది బాగాలేకపోతే మాత్రం "నువ్వేగా బుక్ చేశావ్" అంటారు!

మగవాళ్లని అడిగి చూడండి. "తనైతే బాగా ప్లాన్ చేస్తుందండీ, నాకు అవన్నీ చేతకావు" అంటారు. ఆ మెచ్చుకోలే మనకి తాళం. ఆఫీసులో పదిమందిని పెట్టి ఏడాది పనికి తేదీలు వేసే మనిషికి రెండు రాత్రుల గది చూడ్డం చేతకాదంటే నమ్మడమెలా?

స్టీరింగ్ ఎవరి చేతిలో?

వైన్ ఊరికి వెళ్లేటప్పుడు ఇంకో లెక్కుంది. అన్నిటికంటే ముందు తేలాల్సింది, అందరూ చివరికి వదిలేసేది అదే.

రుచి చూసే చోట ఒక్కో రకం ఒకటి రెండు ఔన్సులు పోస్తారు. అంటే 30 నుంచి 60 మిల్లీలీటర్లు. చూడ్డానికి గుక్కెడే. ఒక్కచోట ఐదు రకాలు తాగితే ఒకటి రెండు గ్లాసులైనట్టు. అలాంటివి రోజుకి మూడు చోట్లు తిరిగితే? మూడు నుంచి ఆరు గ్లాసులు! కాలిఫోర్నియాలో రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే కారు నడపడం నేరం. ఆ అంకె చేరకపోయినా మత్తులో నడిపితే తప్పు తప్పే. పైగా అవి లోయల్లో వంపులు తిరిగే సన్నటి రోడ్లు.

మరి ఎవరు నడుపుతారు? "తనెలాగూ తాగదు కదా!" ఈ ఒక్క మాటతో తేల్చేస్తారు. నేను వెళ్లిన రోజున కూడా పోతూ వస్తూ కారు నడిపింది మా పిల్లే. మగవాళ్లు వెనక సీట్లో రంగు గురించి, వాసన గురించి మాట్లాడుకుంటుంటే, అది ముందు చూపు తిప్పకుండా కూచుంది. పక్కన రెండు వైపులా తోటలు. అది ఒక్కటీ చూళ్లేదు.

నాకు మన ఊళ్లు గుర్తొచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. కూలి డబ్బులు దుకాణంలో పోసి వచ్చే మొగుడి కోసం రాత్రంతా మేలుకుని కూచున్న ఆడవాళ్లు చేసిన ఉద్యమమది. డబ్బు పెట్టి రుచి చూసే వైన్‌నీ, కడుపు కొట్టిన సారానీ ఒకే గాటన కట్టను. మా పిల్ల భర్త మంచివాడు, తాగి అల్లరి చేసే మనిషి కాదు. కానీ ఒక్కటి మాత్రం మారలేదు. ఒకరు తాగుతారు, ఇంకొకరు మేలుకుని ఉంటారు. ఆ మేలుకునేది ఎప్పుడూ ఆవిడే ఎందుకవ్వాలి?

తాగడం, మానడం ఎవరిష్టం వాళ్లది. ఆడవాళ్లలోనూ రుచి చూడాలనుకునేవాళ్లున్నారు, తప్పేం లేదు. అసలు వైన్ పండితులే నోట్లో పోసుకుని, రుచి తెలిశాక ఉమ్మేస్తారు. అందుకని బల్ల మీద గిన్నె పెడతారు, సిగ్గుపడక్కర్లేదు. కానీ శనివారం ఒకరు, ఆదివారం ఒకరు అని వంతు వేసుకోవాలి. లేదంటే అద్దె కారుకి డబ్బు కట్టాలి. తలకి అన్ని డాలర్లు వైన్‌కి పోసేవాళ్లకి అది ఖర్చు కాదు.

ఆ ఊరు నిలబెట్టిన ఆడపిల్ల

ఆ ఊళ్లో సిమీ అనే పాత వైనరీ కథ ఉంది. ఇటలీ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు 1876లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం మొదలుపెట్టి, 1881లో హీల్డ్స్‌బర్గ్ చేరారు. 1904లో ఆ ఇద్దరూ కొద్ది వారాల తేడాతో పోయారు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కూతురు ఇసబెల్ సిమీ ఆ బరువు తలకెత్తుకుంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్య నిషేధం. ఎన్నో వైనరీలు మూతపడ్డాయి. ఆవిడ వదల్లేదు. నిషేధం పోయాక ఒక పెద్ద రెడ్‌వుడ్ పీపాని రోడ్డు పక్కకి తెప్పించి, దాన్నే వచ్చేపోయేవాళ్లకి రుచి చూపించే గదిగా మార్చింది. 1970లో అమ్మేదాకా ఆ వైనరీని నడిపింది. తర్వాత అక్కడ వైన్ తయారుచేసింది కూడా ఆడవాళ్లే. మేరీయాన్ గ్రాఫ్ 1965లో డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రం చదివి పట్టా పొందిన మొదటి మహిళ. 1973లో ఇక్కడికొచ్చింది. 1979లో జెల్మా లాంగ్ ఆ బాధ్యత తీసుకుంది.

సీసాలో ఏముండాలో ఆడవాళ్లు నిర్ణయించిన ఊరది. ఆ ఊరికి కారు నడుపుకుంటూ వెళ్లిన మన ఆడపిల్లకి, కారు ఏ సందులోకి తిప్పాలో నిర్ణయించే హక్కు ఉండదా?

తాగనివాళ్లకి అక్కడేముంది అంటారు కొందరు. చాలా ఉంది. నది ఒడ్డుంది. శనివారం పొద్దున్న రైతులు తెచ్చి అమ్మే సంత ఉంది. డ్రై క్రీక్‌లో 1881 నాటి పచారీ కొట్టుంది. ముప్పావు గంట ప్రయాణంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అడవి ఉంది. అక్కడ వెయ్యేళ్లు దాటిన రెడ్‌వుడ్ చెట్ల కింద నిలబడితే మెడ నొప్పెట్టేదాకా తలెత్తాల్సిందే. కోతల కాలంలో చీకటుండగానే దీపాలు పెట్టుకుని ద్రాక్ష కోసే కూలీలుంటారు, చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. వాళ్లని చూస్తే గ్లాసు ఖరీదు ఇంకోలా అర్థమవుతుంది.

తప్పు మనలోనూ ఉంది

నిజం చెప్పుకుందాం. మనం కూడా వదలం. "ఆయన సర్దితే ఏదో ఒకటి మర్చిపోతారు" అని మనమే లాక్కుంటాం. మర్చిపోనివ్వండి! ఒక్కసారి మర్చిపోతే రెండోసారి గుర్తుంటుంది. పులిహోర కలపకపోతే ఎవరూ పస్తుండరు. పెద్దవాళ్లకి పడేది ఎక్కడ దొరుకుతుందో వాళ్లబ్బాయి కనుక్కోగలడు.

ప్రయాణానికి వారం ముందు ఒక కాగితం తీయండి. ఇంట్లో ఒక్కొక్కరూ తనకేం కావాలో ఒక్కటి రాయాలి. మీది మొదట రాయండి, చివర్లో చోటు మిగిలితే కాదు. దాని కింద పనులు రాసి, ఎదురుగా పేర్లు రాయండి. గది ఒకరు, కారు ఒకరు, సర్దుడు ఒకరు. ఒక పూట ఖాళీగా వదిలేయండి. ఏ టైమూ, ఏ బుకింగూ లేని పూట. అది లేకపోతే విహారం కూడా డ్యూటీయే అవుతుంది.

మా పిల్లకి ఇదే చెప్పాను. అప్పటికే చాలా పనులు చేసేసింది కాబట్టి, సర్దుడూ ఆదివారమూ ఆయనకి అప్పజెప్పమన్నాను. "వింటారంటావా?" అంది అనుమానంగా.

మళ్లీ సోమవారం ఫోనొచ్చింది. "పిల్లాడి స్వెట్టరు మర్చిపోయారు పిన్నీ" అంది ముందుగా.

"అయ్యో, మరి?"

"ఆ ఊళ్లోనే కొన్నారు. ధర చూసి ఆయనకి చెమట పట్టింది!" అని నవ్వింది. "ఆదివారం కారు ఆయనే నడిపారు. ఒక్క చుక్క ముట్టలేదు. నేను పొద్దున్న నది దగ్గర రెండు గంటలు ఊరికే కూచున్నాను."

"అదేనా నీకు కావాల్సింది?"

"ఏమో పిన్నీ... నాకేం కావాలో నాకు తెలియడానికే శనివారమంతా పట్టింది."