బిగుతు దుస్తులు తోడు మాత్రమే
యోగా తరగతిలో మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనించే అమ్మాయిని అందరూ మెచ్చుకుంటారు. అదే అమ్మాయి మెట్లు దిగుతూ మాటిమాటికీ చీలమండ బెణికించుకుంటే, చూసి నడవమని కసురుతారు. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చని చాలామందికి తట్టదు.

కీళ్లు మామూలు కంటే ఎక్కువగా వంగడాన్ని హైపర్‌మొబిలిటీ అంటారు. దీన్ని 9 మార్కుల బైటన్ స్కోరుతో కొలుస్తారు. 2017 అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం యుక్తవయసు దాటి 50 ఏళ్ల లోపు వారికి 5, ఆపైన వస్తే కీళ్లు అతిగా వంగుతున్నట్టు లెక్క. వంగడం ఒక్కటే జబ్బు కాదు. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం నొప్పి, అలసట, తూలడం వెంటాడతాయి. ఎక్స్‌రే, రక్తపరీక్షలు మామూలుగానే ఉండటంతో 'అంతా మీ ఊహే' అనిపించుకుంటారు.

తూలడం ఊహ కాదు. కళ్లు మూసుకున్నా కాలు ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కండరాలు, లిగమెంట్లు, చర్మంలోని గ్రాహకాలు ఆ కబురును మెదడుకు చేరవేస్తాయి. కీళ్లు వదులుగా ఉన్న కొందరిలో ఈ కబురు అంత కచ్చితంగా ఉండదు. అందుకే వారు చూపు మీద ఎక్కువగా ఆధారపడతారు. చీకట్లో, రద్దీలో ఇబ్బంది పడతారు.

బిగుతైన కంప్రెషన్ దుస్తులు ఇక్కడే ఉపయోగపడతాయని భావిస్తున్నారు. అవి చర్మాన్ని నిరంతరం నొక్కుతూ, కీలు కదిలినప్పుడల్లా అదనపు సంకేతం ఇస్తాయి. వాటిని వేసుకున్నప్పుడు ఒళ్లు ఊగడం తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాలు చూపాయి. అయితే అవి కొద్దిమందిపై, కొద్దికాలం పాటు జరిగినవే. పైగా ఎవరు బిగుతు బట్టలు వేసుకున్నారో వారికే తెలిసిపోతుంది కాబట్టి, నమ్మకం వల్ల కలిగిన మేలును విడదీసి చూడటం కష్టం.

అందుకే వాటిని చికిత్సగా అమ్మడం సరికాదు. కొలతకు కుట్టించే సూట్లకు ఖర్చు ఎక్కువ. మే నెల విజయవాడ ఉక్కపోతలో రోజంతా వాటిని భరించమనడం కూడా న్యాయం కాదు. చేతిలో కొద్ది డబ్బే ఉంటే అది ముందు ఫిజియోథెరపీకి వెళ్లాలి. ఒంటికాలిపై నిలబడటం, మెత్తటి పరుపు మీద అడుగులు వేయడం, తుంటి, పిక్క కండరాలను మెల్లగా బలపరచడం వంటివి నెలల తరబడి చేయాలి. కీళ్లను ఇంకా సాగదీసే ఆసనాలు వీరికి గొప్ప కాదు. మోకాలు వెనక్కి వంగిపోకుండా ఆపడం నేర్పే గురువే మేలు.

వ్యాయామం చేసేటప్పుడు ధైర్యం కోసం, ఎక్కువసేపు నిలబడాల్సిన రోజున బిగుతు దుస్తులు వాడితే తప్పులేదు. తిమ్మిరి వచ్చినా, వేళ్ల రంగు మారినా వెంటనే విప్పేయాలి. కాళ్ల ధమనుల్లో రక్తప్రసరణ లోపం ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. లేచి నిలబడగానే కళ్లు తిరిగి గుండె దడదడలాడితే అది కీళ్ల తూలుడు కాకపోవచ్చు. దానికి రక్తపోటు, నాడి పరీక్షలు వేరుగా అవసరం.