వేదికమీది పాట, ఇంటిలోని పాట

ఒక జాతి సంగీతం పుట్టినచోటికి దూరమై పరాయి నేలపై నిలదొక్కుకొన్నప్పుడు దానికి రెండు బ్రతుకులు ఏర్పడతాయి. ఒకటి పరులు మెచ్చుకోవడానికి పాడేది. రెండవది తమలో తాము పాడుకొనేది. లోకం మొదటిదానిని చూసి కరతాళధ్వనులు చేస్తుంది. జాతి మాత్రం రెండవదానిని పట్టుకొని బ్రతుకుతుంది. ఈ భేదం తెలియక మహారసజ్ఞులే పొరబడినారు.

ఐరోపాలోని రోమాల చరిత్ర ఇందుకు సాక్ష్యం. వీరి పూర్వులు సుమారు వేయి సంవత్సరాల క్రిందట భారతదేశపు వాయవ్య దిశగా తరలిపోయినవారు. నీటిని ‘పాణి’ అనీ, మనిషిని ‘మనుష్’ అనీ నేటికీ పలికే వారి భాషయే ఆ పుట్టుకకు ఆధారం. 19వ శతాబ్దిలో హంగరీ దేశపు విందులలోను, పానశాలలలోను వారి ఫిడేలు మేళాలకు గొప్ప పేరుండేది. ఆ వాదనకు ముగ్ధుడైన సంగీతకారుడు ఫ్రాంజ్ లిస్ట్, హంగరీ సంగీతంగా పేరొందినది రోమాల సృష్టియేనని 1859లో గ్రంథం ప్రకటించాడు. తరువాతి శతాబ్దిలో పల్లెలు తిరిగి జానపద గేయాలు సేకరించిన బేలా బార్తోక్ దీనిని ఖండించాడు. ఆ మేళాలు వాయించినవి చాలవరకు ఆతిథేయుల బాణీలే. రోమాల సొంత పాట వారి ఇళ్లలో, వారి భాషలో, చెంచాలూ పాలబిందెలూ తాళంగా సాగుతూ ఉండేది. విందారగించే శ్రోతకు అది చేరనే లేదు.

ఇంత దూరపు ముచ్చట మనకెందుకని అడగవచ్చు. మాదాపూర్‌లో 1992లో ఏర్పడిన శిల్పారామంలో లంబాడీ నృత్యం చూచినవారికి ఆ ప్రశ్న రాదు. లంబాడీలనూ రోమాలనూ అన్నదమ్ములుగా చెప్పడం మనకొక వాడుక. భాషాశాస్త్రం అంత దగ్గరి చుట్టరికాన్ని సమర్థించదు. లంబాడీల గోర్‌బోలీ రాజస్థానీ కుదురుకు చెందినది. కాని తలరాతలలో పోలిక ఉన్నది. ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ మోస్తూ, మొగలు సేనల వెంట దక్కనుకు వచ్చినవారు వీరు. రైళ్లు వచ్చి ఆ వర్తకం కూలిపోయింది. 1871లో మొదలై క్రమంగా విస్తరించిన నేరస్థ తెగల చట్టం కొన్ని ప్రాంతాలలో వీరిపైనా ముద్ర వేసింది. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. మాదాపూర్‌కు సమీపాన ఉన్న బంజారా హిల్స్‌లో వీరి పేరు మిగిలింది.

నేడు వేదికమీద అద్దాల రవికెలూ గవ్వల అంచులూ తళుక్కుమంటాయి, అందెలు ఘల్లుమంటాయి. ‘లంబాడీ నృత్యం’ అని ఒక్క మాట ప్రకటించి ఊరకుంటారు. పాటలోని మాటకు అర్థమేమని ఎవరూ అడగరు. తండాలలో పెండ్లికూతురు పుట్టినింటిని వీడుతూ పాడే ఢావ్లో ఉన్నది. తీజ్ పండుగలో కన్యలు బుట్టలలో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీరు పోస్తూ పాడే పాటలున్నవి. ధాడీలు గానం చేసే వంశగాథలున్నవి. పది నిమిషాల ప్రదర్శనలో ఇవి ఇమడవు.

ఆ పది నిమిషాలైనా దక్కినందుకు సంతోషించరాదా అని కొందరంటారు. నిజమే; దానితో కొన్ని కుటుంబాలకు కూడు లభిస్తున్నది, ఆడేవారికి గౌరవమూ ఉన్నది. మేళాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. ఢావ్లోను కూడ వేదిక ఎక్కించాలనడం మాత్రం తగదు. ఆడపిల్ల కన్నీటిని టిక్కెట్టుకు చూపించాలో, వద్దో తేల్చే హక్కు ఆ జాతిదే. నిర్వాహకులు చేయగలిగినది వేరే ఉన్నది. పాటకు ముందు దాని అర్థం తెలుగులో చెప్పాలి. పాడేవారి పేర్లు ప్రకటించాలి. ఏ పాట పాడాలో వారికే విడిచిపెట్టాలి.

మిగిలిన పని బడిది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూల్‌లోని 22 భాషలలో గోర్‌బోలీ లేదు. తండా పిల్లవాడు బడిలో తన భాష వినక, నగరంలో దానిని పలుకడానికి సిగ్గుపడితే, అమ్మమ్మ పాట అతనికే పరభాష అవుతుంది. ఆనాడు మాదాపూర్ వేదికమీద అద్దాలు ఇంతకంటె ఎక్కువగానే మెరుస్తుండవచ్చు. పాడే అమ్మాయికి సైతం తన పాట అర్థం తెలియకపోవచ్చు. తొలి పాఠాలు తండా భాషలో చెప్పించడం ఆ నష్టాన్ని నివారించే మొదటి మెట్టు.