కుంది పాతదే, నూనె మాత్రం కొత్తది కావలె

పాత కంప్యూటరులను సేకరించేవారిలో ఒక వాదం బలంగా వినవస్తున్నది. యంత్రంతో పాటు వచ్చిన విద్యుత్ సరఫరా పెట్టెనే వాడవలెనట. కొత్తది తగిలిస్తే ప్రామాణికత చెడునట. వినుటకు ఇది భక్తి. ఫలితం చూస్తే యంత్రహత్య.

కొమడోర్ 64నే తీసుకొనండి. 1982లో విపణికి వచ్చిన ఈ యంత్రానికి విద్యుత్తు బయటి పెట్టె నుండి అందుతుంది: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. ఆ పెట్టెలలో పెక్కింటి లోపల ఎపాక్సీ పోసి గట్టిగా మూసివేశారు. వేడి బయటికి పోదు. విప్పి బాగుచేయుట దుస్సాధ్యం. లోపలి రెగ్యులేటరు చెడినప్పుడు 5 వోల్టులు తగ్గుటకు బదులు తరచు పెరుగుతాయి. ఆ అధిక విద్యుత్తు నేరుగా మెమరీ చిప్పులకు చేరి వాటిని మాడ్చివేస్తుంది.

"నా పెట్టె ఇన్నేళ్లుగా చక్కగా పనిచేస్తున్నది గదా" అందురా? అది చెడే రోజున ముందుగా కబురు పెట్టదు. కొమడోర్ సంస్థ 1994లోనే దివాలా తీసింది. ధ్వనినిచ్చే అసలు సిడ్ చిప్పు ఉత్పత్తి ఏనాడో ఆగిపోయింది. పెట్టెకు ప్రత్యామ్నాయం ఉన్నది. మాడిన అసలు చిప్పుకు ఏది?

మన దేశానికీ ఈ మాట వర్తిస్తుంది. 1984లో మొదలైన క్లాస్ పథకం ద్వారా బీబీసీ మైక్రోలు మన బడులకు వచ్చినవి. వాటి సరఫరా విభాగంలోని కాగితపు కెపాసిటరుల పైతొడుగు కాలక్రమాన పగిలి, తేమ పీల్చి, స్విచ్చి వేయగానే పొగ చిమ్ముట కద్దు. ఏ బడి మూలనో అట్టిది దొరికితే, వాటిని మార్చక ముందే ప్లగ్గు పెట్టుట సాహసం కాదు, అవివేకం.

తాతలనాటి కుందిని పూజగదిలో భద్రంగా ఉంచుకొంటాము. అందులో తాతలనాటి నూనె పోస్తున్నామా? నాటి వత్తే వేస్తున్నామా? దీపం వెలుగుటే గదా కుందికి సార్థకత!

అట్లని చేతికందిన ఫోను చార్జరును తగిలించుటా తగదు. కొమడోర్ 64లో క్యాసెట్టు మోటారుకు, సిడ్ చిప్పుకు, గడియారానికి ఆ 9 వోల్టుల ఏసీ కూడా కావలె. రెండింటినీ ఇస్తూ, వోల్టేజి హద్దు మీరగానే సరఫరాను తెంచివేసే కొత్త పెట్టెనే ఎన్నుకొనవలె.

పాత పెట్టెను పారవేయమనుట లేదు. చీటీ కట్టి అలమరలో దాచండి. గోడ ప్లగ్గుకు మాత్రం దూరంగా ఉంచండి.